తువ్వాలు వేసిన చోటు

అబ్రకంపేట మొదట్లో పాడుబావి ఉంది గదా, మన మేకలు కూడా దాని దగ్గరికి రాంగానే కాళ్ళు నిలదన్ని నిలబడిపోతాయే, ఆ బావి. దాన్ని దాటి మనూరోళ్ళు ఎవురూ పోరు. ఎందుకు పోరంటే మీ నాయనలు పాములుండాయంటారు. పాములైతే ఈ వెంగమ్మవ్వ ఎందుకు భయపడుద్దిరా, కట్టె తీసుకోని పొయ్యుండదా?

ఒకప్పుడు అది పట్నం. అబ్రకం గనులు నడిచే కాలంలో మిద్దెలు, సినిమాహాలు, కరెంటు దీపాలు, అబ్బో, మనోళ్ళు పెళ్ళి చీరలకి ఆడికే పొయ్యేవాళ్ళు. తర్వాత గనులు మూతబడినాయి, జనం తలా ఒక దిక్కు పొయినారు, మిద్దెలు కూలిపొయినాయి, ఆ కూలిన ఇండ్లలో ఏవేవో చేరినాయి. అవి ఏంటని నన్నడగొద్దు, వాటి పేరు నాకు తెలీదు. మనుషుల మాదిరే ఉంటాయి, అదే చిక్కు.

నాకొక తమ్ముడుండె, చెంగయ్య. మీరెవురూ చూళ్ళేదు. మా అమ్మ పోతా పోతా వాణ్ణి నా చేతిలో పెట్టింది, వాడికి అన్నీ నేర్పింది నేనే. చిన్నప్పుడు ఒక పెళ్ళిలో గబగబా తినేసి భోజనాల బంతి మధ్యలో లేస్తే తొడపాశం పెట్టినా, పక్కనోళ్ళు తింటా ఉంటే లేస్తారంట్రా, మనుషులమా పశువులమా అని. వాడు ఏడ్చినాడు గానీ మళ్ళా ఎప్పుడూ అట్టా లేవలేదు.

ఆ ఏడు వానల్లేవు. ఇరవై ఏండ్లోడు, ఇంత గంజి తాగి మేకలు తోలుకోని పొయ్యేవాడు. ఒకరోజు నేను సద్ది తీసుకోని పొయ్యేసరికి మిట్టమధ్యాన్నం, మేకలన్నీ బావి కాడ నిలబడి ఉండాయి, వాడు మాత్రం లేడు, పట్నంలోంచి పప్పుచారు వాసన వస్తా ఉంది. నాక్కూడా నోరూరింది, అబద్ధం ఎందుకు చెప్పాల? ఆ వాసన పట్టుకోని పొయినా, సినిమాహాలుకి పైకప్పు లేదు, గోడల మీద అబ్రకం పొడి ఎండకి మెరస్తా ఉంది, కింద నేల మీద బారుగా బంతి కూర్చోనుంది, యాభై మందికి తక్కువుండరు, మధ్యలో మావోడు.

వాడి విస్తట్లో అన్నం పొగలు కక్కతా ఉంది. మిగతా ఏ ఒక్కరి విస్తట్లోనూ మెతుకు లేదు. అయినా అందరూ నములుతా ఉండారు నాయనా, వాడివైపే చూస్తా నములుతా ఉండారు, వాళ్ళు నమిలేకొద్దీ వాడి చొక్కా వదులైపోతా ఉంది.

లేచి రారా అని అరిచినా. వాడు ఎడంచేత్తో ఆగమని సైగ జేసి, పెద్దోళ్ళింకా తింటా ఉండారక్కా, మధ్యలో లేస్తే బాగుంటుందా, నువ్వేగా చెప్పింది అన్నాడు. నేనే గదా చెప్పింది! అది తప్పురా, ఆ మాట మర్చిపో, పశువు మాదిరి లేచిరా అని మొత్తుకున్నా, వాడు నా మాటలకి సిగ్గుపడి తల దించుకున్నాడు. పరిగెత్తి రెక్క పట్టి లాగితే నా చేతికి చొక్కా గుడ్డే తగిలింది, లోపల ఏం లేదు. అంతలో వడ్డించే ఆయమ్మ వాడి పక్కన ఇంకో విస్తరేసి, నీళ్ళు చల్లి, కూర్చో తల్లీ, ఎప్పుడు తిన్నావో ఏమో అనింది. ఎంత ప్రేమగా అనిందంటే నా మోకాళ్ళు వాటంతట అవే వంగినాయి.

అప్పుడు మా చెంగయ్య, తొందరేముందక్కా, మేకలు తోలేసి రా, నీ చోటు నేను పట్టుంటా అని భుజం మీద తువ్వాలు తీసి ఆ విస్తరి ముందర పరిచినాడు, మనం బస్సులో సీటుకి వేస్తామే అట్టా. ఆయమ్మ నన్నిక కూర్చోమనలేదు. నేను పరిగెత్తినా. వాణ్ణి వదిలేసి వచ్చినా, ఇంకేం చెప్పేది?

సాయంత్రానికి పదిమందిని వెంటబెట్టుకోని పోతే హాల్లో బంతి లేదు, విస్తళ్ళు లేవు, చెంగయ్య లేడు, మూరెడు మందాన దుమ్ము. ఆ దుమ్ములో తువ్వాలు పరిచింది పరిచినట్టే ఉంది. అప్పుడే ఉతికినట్టు ఉంది.

సరే, లేవండి, పొద్దుగూకింది. ఆ బావి దాటొద్దు. నా మాట వినకండా పొయ్యేవాళ్ళు కడుపునిండా తినిపోండి, ఎవురు విస్తరేసినా కూర్చోవద్దు. ఒకవేళ కూర్చున్నా, తువ్వాలేసిన చోట మాత్రం కూర్చోవద్దు. అది నాది.