చిరుగు లేని చొక్కా

నా పేరు, నంబరు, ఇంటి చిరునామా ఈ కాగితం పై భాగంలో రాశారు. అవి నావే. వయసు ముప్పై నాలుగు. మార్కెట్ పోలీసు స్టేషన్‌లో మహిళా కానిస్టేబుల్‌ని. ఉద్యోగంలో చేరి పదకొండేళ్ళు అయింది. ఇలాంటి వాంగ్మూలాలు ఇచ్చేవాళ్ళను వెంటబెట్టుకుని మేజిస్ట్రేటు గారి ఈ గది గుమ్మం దాకా చాలాసార్లు వచ్చాను. లోపలికి వచ్చి కూర్చోవడం ఇదే మొదటిసారి.

నేను చెప్పేది నాకే వ్యతిరేకంగా వాడవచ్చని మీరు ముందే చెప్పారు. ఆలోచించుకోమని బయట బెంచీ మీద కూర్చోబెట్టారు. ఆలోచించుకున్నాను. చెబుతాను.

చనిపోయిన హెడ్ కానిస్టేబుల్ నాకు రక్తసంబంధం కాదు. స్టేషన్‌లో చిన్నవాళ్ళమంతా ఆయన్ని బాబాయ్ అనేవాళ్ళం. ఆయన భార్యను నేను పిన్ని అంటాను. నేను చేరిన కొత్తలో ఒక గుంపు మా మీద రాళ్ళు వేస్తే, నన్ను గోడవైపు నెట్టి ఆయన నా ముందు నిలబడ్డారు. ఆయన భుజం ఎముక విరిగింది. వైద్యం ఖర్చు ముందు ఆయనే పెట్టుకున్నారు. డిపార్ట్‌మెంటు నుంచి తిరిగి వచ్చింది సగమే, అది కూడా ఎముక అతుక్కున్న చాలా కాలానికి. మాకు రిస్కు భత్యం అని ఒకటి ఇస్తారు. "దాని పుణ్యమా అని నెలంతా బూట్లు తళతళలాడతాయమ్మాయీ, పాలిష్‌కి సరిపోతుంది" అనేవారు. ఏ విషయమైనా ఆయన నవ్వుతూనే చెప్పేవారు. మేమూ నవ్వేవాళ్ళం.

పోయిన వానల్లో ఆయన క్వార్టర్స్ వంటగదిలో పైకప్పు పెచ్చులు ఊడి పిన్ని మీద పడ్డాయి. ఇల్లు ఖాళీ చెయ్యమన్నారు. కొత్తవి కట్టి ఇస్తామన్నారు. ఆయన అద్దె ఇంటికి మారారు. జీతంలో సగం అద్దెకే పోయేది. కూతురు నర్సింగ్ చదువుతోంది. అప్పటినుంచి, వీక్లీ ఆఫ్ దొరికినప్పుడల్లా ఆయన మార్కెట్ వీధిలోని బట్టల షోరూమ్ దగ్గర సెక్యూరిటీగా నిలబడేవారు. వాళ్ళు నీలం చొక్కా ఇచ్చారు, ప్యాంటు ఆయన ఖాకీదే. మేం ఇంకో ఉద్యోగం చెయ్యకూడదు. అది ఆయనకు తెలుసు. నాకు తెలుసు. మా స్టేషన్‌లో అందరికీ తెలుసు. ఒక్క జీతం మీదే ఇల్లు గడుపుకొస్తున్నవాళ్ళు మాలో ఎంతమంది అని మీరు నన్ను అడగకండి, నేను పేర్లు చెప్పలేను. నా సంగతి మాత్రం చెబుతాను. వచ్చే వారం నుంచి అదే షోరూమ్‌లో ఆడవాళ్ళ ట్రయల్ రూముల దగ్గర నిలబడటానికి నేనూ ఒప్పుకున్నాను. ఆయనే మాట్లాడి పెట్టారు.

"ఇక్కడ తలుపు తీసి దండం పెడితే చాలమ్మాయీ. స్టేషన్లో రోజుకి వచ్చే దానికంటే ఎక్కువే ఇస్తారు. పైగా ఎవడూ రాయి విసరడు" అన్నారు.

ఆ రోజు ఆయనకు సెలవు. నేను బస్టాపు కూడలిలో డ్యూటీలో ఉన్నాను. సాయంత్రం నాలుగు దాటాక, తాళాలు బాగుచేసే అతను పరిగెత్తుకుంటూ వచ్చి, "మేడమ్, షోరూమ్ దగ్గర మీ హెడ్డు గారిని పొడిచారు" అన్నాడు. నేను పరిగెత్తాను. దారిలోనే వైర్‌లెస్‌లో అంబులెన్సు అడిగాను.

పొడిచిన వ్యక్తి ఆ షోరూమ్‌లో పిల్లల బట్టల కౌంటర్లో పనిచేసే అమ్మాయి భర్త. కొడుతున్నాడని ఆమె అతన్ని వదిలేసి వచ్చింది. చంపుతానని బెదిరిస్తున్నాడని మా స్టేషన్‌లో ఫిర్యాదు కూడా ఇచ్చింది. ఆ రోజు ఫిర్యాదు తీసుకున్నది బాబాయే. అతన్ని పిలిపించి ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడిందీ ఆయనే. అందుకే అతను గుమ్మంలోకి రాగానే ఆయన గుర్తుపట్టారు. మామూలు వాచ్‌మన్ అయితే సలాం కొట్టి తలుపు తీసేవాడు. ఆ మొహం తెలిసింది పోలీసుకి. ఈ మాట అలాగే రాయండి.

తర్వాత జరిగింది ఆ అమ్మాయి, హమాలీలు నాకు చెప్పారు. బాబాయ్ తలుపుకి అడ్డంగా నిలబడి, "ఎక్కడికి బాబూ, సంచిలో ఏముంది?" అన్నారు. అతను సంచిలోంచి కత్తి తీశాడు. బాబాయ్ అతని మణికట్టు పట్టుకుని, "అమ్మాయీ, లోపలికి పో, గడియ పెట్టుకో" అని అరిచారు. అతను చెయ్యి విడిపించుకుని ఎడమవైపు పక్కటెముకల కింద పొడిచాడు. బాబాయ్ మళ్ళీ ఆ చెయ్యి పట్టుకున్నారు. హమాలీలు వచ్చి ప్యాకింగ్ తాడుతో అతన్ని కట్టేసేదాకా వదల్లేదట.

నేను వెళ్ళేసరికి ఆయన పక్క సందులో అట్టపెట్టెలకు ఆనుకుని కూర్చుని ఉన్నారు. మిగతావాళ్ళు కట్టేసినవాడి చుట్టూ ఉన్నారు. ఆయన దగ్గర ఎవరూ లేరు. నా చేతి గుడ్డ మడిచి గాయం మీద పెట్టి నొక్కాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నారు.

"చొక్కా మార్చు" అన్నారు.

"మాట్లాడకండి బాబాయ్. బండి వస్తోంది."

"స్కూటర్ డిక్కీలో యూనిఫాం ఉంది. సెలవైనా రాత్రికి డ్యూటీకి రమ్మన్నారని మీ పిన్ని ఇస్త్రీ చేసి పెట్టింది. పట్రా."

"ముందు ఆస్పత్రికి పోదాం. చొక్కా సంగతి తర్వాత."

"ఈ చొక్కాతో పోతే నేను పోలీసుని కానమ్మా, వాచ్‌మన్ని. మీ పిన్నికి చిల్లిగవ్వ రాదు. రెండో ఉద్యోగం చేశాడని ఉన్న పింఛనుకి కూడా ఎసరు పెడతారు. నీకు దండం పెడతాను, మార్చు."

ఆయన నిజంగానే దండం పెట్టబోయారు. రెండో చెయ్యి పైకి రాలేదు.

నేను గాయం మీద నుంచి చెయ్యి తీశాను. వెళ్ళి యూనిఫాం తెచ్చాను. నీలం చొక్కా విప్పాను. ఖాకీ చొక్కా తొడిగాను. గుండీలు పెట్టడానికి రెండు చేతులూ కావాలి. గుడ్డ జారిపోతూ ఉంది. పై గుండీ ఒకటి తప్పుగా పెట్టాను. మళ్ళీ విప్పి సరిగ్గా పెట్టాను. ఎందుకు విప్పానో నాకు తెలియదు. తప్పుగా ఉంటే ఏమయ్యేది? మళ్ళీ విప్పి సరిగ్గా పెట్టాను. ఆయన చొక్కా వైపు చూసుకుని, "ఆ, ఇప్పుడు పద" అన్నారు. అంబులెన్సు సందు మొదట్లోకి అప్పుడే వచ్చింది. 

ఆస్పత్రిలో డాక్టరమ్మ గాయం చూసి, తర్వాత చొక్కా చూసి, "లోపల ఇంత లోతుగా దిగింది, చొక్కాకి చిరుగు లేదేంటి?" అన్నారు. పొడిచినప్పుడు గుండీలు ఊడి ఉన్నాయేమో అన్నాను. ఆవిడ పనిలో పడిపోయారు. కాసేపటికి బయటికి వచ్చి తల అడ్డంగా ఊపారు.

నేను ఒక్క మాటే అడిగాను. "గాయం నొక్కి పట్టుకునే ఉంటే బతికేవారా?"

"అప్పటికే లోపల చాలా రక్తం పోయింది. బతికేవారో లేదో... నేను చెప్పలేనమ్మా" అన్నారు.

చెప్పలేనన్నారు. లేదు అనలేదు. ఆవిడని మళ్ళీ రెండుసార్లు కలిశాను. రెండుసార్లూ చెప్పలేననే అన్నారు.

బట్టలు మూట కట్టమని నాకే ఇచ్చారు. అక్కడ ట్రేలో కట్లు కోసే కత్తెర ఉంది. ఖాకీ చొక్కాకి ఎడమవైపు కింద నేను కోశాను. అది నేనే చేశాను. ఎవరూ చెయ్యమనలేదు. నీలం చొక్కాను ప్లాస్టిక్ సంచిలో చుట్టి మా ఇంటికి తీసుకెళ్ళాను.

అంత్యక్రియలకు తుపాకులు పేల్చారు. పెద్ద ఆఫీసర్ వచ్చి, విధి నిర్వహణలో ప్రాణాలిచ్చాడని మైకులో చెప్పారు. నష్టపరిహారం, కూతురికి ఉద్యోగం ప్రకటించారు. షోరూమ్ యజమాని కూడా వచ్చాడు. హెడ్డు గారు సెలవైనా డ్యూటీకి వచ్చి గస్తీ తిరుగుతూ తమ షాపు దగ్గరికి వచ్చారని చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. అలా చెబితే అతనికీ మంచిదే, మాకూ మంచిదే. పిన్ని ఏడుస్తూ నా భుజం మీద తల పెట్టింది. నేను లోలోపల సంతోషించాను. ఆ మాట కూడా రాయండి. సంతోషించాను.

తర్వాత ల్యాబు నివేదిక వచ్చింది. చొక్కా మీద ఉన్నది కత్తి కోత కాదు, కత్తెర కోత అని, గాయానికీ దానికీ పొంతన లేదని తేలింది. ముద్దాయి లాయరు దాన్ని పట్టుకున్నాడు. పోలీసులు సాక్ష్యం తయారు చేశారు, చొక్కానే అబద్ధమైతే కేసులో నిజమెంత, అసలు పొడిచింది ఇంకెవరో అన్నాడు. షోరూమ్‌లో వాళ్ళు, హమాలీలు ఎవరూ నోరు విప్పలేదు. బెయిల్ వచ్చేలా ఉందని మా స్టేషన్‌లో అనుకున్నారు.

ఆ మధ్యాహ్నం ఆ అమ్మాయి బస్టాపు దగ్గరికి నన్ను వెతుక్కుంటూ వచ్చింది.

"అక్కా, ఆ రోజు ఆయన వేసుకుంది నీలం చొక్కా. నేను చూశాను, మీరూ చూశారు. చెప్తానంటే మా ఓనరు పనిలోంచి తీసేస్తానన్నాడు. మీరేమో చెప్పరు. వాడు బయటికొస్తే తిన్నగా నా దగ్గరికే వస్తాడు. ఈసారి గుమ్మంలో ఎవరుంటారక్కా?"

అట్నుంచి అటే మా ఎస్సై గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన తలుపు వేసి కూర్చోమన్నారు.

"నువ్వు నాకేం చెప్పలేదు, నేనేం వినలేదు. నోరు విప్పావంటే నీ ఉద్యోగం పోతుంది, జైలుకి పోతావ్, ఆవిడ రోడ్డున పడుతుంది. పోయినాయన లేచొస్తాడా? ఎవరికమ్మా లాభం?" అన్నారు.

ఆయన చెడ్డవారు కాదు. భయంతో అన్నారు. లాభం ఎవరికో ఆయనకూ తెలుసు.

నిన్న పొద్దున పిన్ని దగ్గరికి వెళ్ళాను. కోర్టుకి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెబుతానన్నాను. ఆవిడ మంచం మీద కూర్చుని కూతురి దుస్తులు మడత పెడుతోంది.

"నీలం చొక్కా సంగతి నాకు తెలీదనుకున్నావా?" అంది. "రెండూ ఇస్త్రీ చేసింది నేనే కదే."

"పిన్నీ, వాడు బయటికొస్తే ఆ పిల్లని చంపుతాడు."

"చంపితే? నా మొగుణ్ణి చంపలేదా? ఆ పిల్ల కోసం మొగుడు పోయాడు. ఇప్పుడు ఆ పిల్ల కోసం కూడు కూడా పోవాలా? ముప్పై ఏళ్ళు ఆయన్ని వాళ్ళకిచ్చాను. పిల్లకి జ్వరమొస్తే లేడు, మా అమ్మ పోతే లేడు. సెలవు రోజు కూడా ఫోను చేసి రమ్మనేవాళ్ళు. ఎందుకురా అంటే పోలీసుకి ఇరవై నాలుగు గంటలూ డ్యూటీయే అనేవాళ్ళు. ఇప్పుడు పొడిపించుకుంటే మాత్రం డ్యూటీ కాదా?"

నేను ఆవిడ కాళ్ళు పట్టుకున్నాను. ఆవిడ కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, నన్ను లేవమనీ అనలేదు. మడత పెడుతున్న బట్ట పక్కన పెట్టి, "వెళ్ళి చెప్పు" అంది. "ఆయనైనా అదే చెప్పేవాడు, ముండమోసినవాడు. కానీ మళ్ళీ నా గడప తొక్కకు."

నేను వచ్చేశాను. మెట్ల దగ్గర ఆయన చెప్పులు ఇంకా అలాగే ఉన్నాయి. ఎవరూ తియ్యలేదు.

నీలం చొక్కా ఈ సంచిలో ఉంది. ఉతకలేదు. కత్తి ఎక్కడ దిగిందో అక్కడే చిరుగు ఉంటుంది. గాయంతో పోల్చి చూసుకోండి. కొలతలు కలుస్తాయి. ఖాకీ చొక్కా కోసింది నేను, మార్చింది నేను. పొడిచింది మాత్రం అతనే. నా అబద్ధం వల్ల అతన్ని వదిలిపెట్టకండి. నాకు ఏ శిక్ష వేసినా కాదనను. పరిహారం ఆపకండి అని అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను. ఆపకండి. ఆయన నీలం చొక్కాలో చేసింది ఖాకీ పనే.

ఎవరైనా ఒత్తిడి చేసి నాచేత ఇది చెప్పించారా అని మీరు అడిగారు. చెప్పమని ఎవరూ ఒత్తిడి చెయ్యలేదు.

ఇదంతా నాకు చదివి వినిపించారు. ఒక్క చోట మార్చమని కోరాను. "సంఘటన సమయంలో మృతుడు సెలవులో ఉన్నాడు" అని రాసి ఉంది. నేను చెప్పింది అది కాదు. సెలవు రోజున ఆయన పని చేస్తూ ఉన్నారు అని చెప్పాను. ఆ వాక్యం కొట్టేసి, నేను చెప్పినట్టు రాసి, పక్కన నాచేత పొట్టి సంతకం పెట్టించారు. మిగిలినదంతా నేను చెప్పినట్టే ఉంది, జరిగింది జరిగినట్టే ఉంది.

(సంతకం)
మహిళా కానిస్టేబుల్, మార్కెట్ పోలీసు స్టేషన్