అమ్మవారి వెండి కళ్ళు

1949, ఆషాఢం. కూకట్‌పల్లిలో రామచంద్రం పంతులు ఇంటి అరుగు. పంతులు బడి నడుపుతూనే పట్నం పత్రికకు ఊరి వార్తలు పంపుతుంటాడు. ఎదురుగా పోచయ్య. ఏటా పోచమ్మ బోనాల్లో పోతరాజు అతనే.

"అది గాదు పంతులూ, నాకు ఎన్నేండ్ల సంది ఒక్కటే అనుమానం. నిజమైంది పేపర్ల పడ్తదా, పేపర్ల పడ్డది నిజమైతదా?"

"పొద్దుగాల్నే ఏం ప్రశ్న పోచయ్యా! నిజమైందే పడ్తది."

"అట్లనా. మరి నేను దొంగనా?"

"నిన్ను దొంగ అని నేనన్లేదు."

"అన్నరు. పెద్దక్షరాలల్ల అన్నరు. 'అమ్మవారి వెండి కళ్ళు దోచిన పోతరాజు'. హోటల్ల ఒకడు సదివితే ఊరంత ఇన్నది. చాయ తాగనోడు గూడ ఇన్నడు."

"అది వార్త మీద పెట్టే పేరు. ఆ పేరు పట్నంల పెడ్తరు. కింద నేను రాసింది చూడు, 'అనుమానము మీద పట్టుకొనిరి' అని ఉన్నది."

"కిందిది ఎవలు సదివిన్రు పంతులూ? మీదిది సదివే వరకే చాయ అయిపాయె."

"పత్రికకు స్వేచ్ఛ ఉండాలె పోచయ్యా. నిజాం జమానాల ఒక్క ముక్క రాయాలంటే ఎంత పరేషాన్ ఉండె! ఇప్పుడిప్పుడే నోరొచ్చింది."

"మంచిదే. కొత్తగ నోరొచ్చినోడు మొదాలు 'అమ్మ' అంటడు. మీరు 'దొంగ' అన్నరు."

"సరే, ఇగ ఆ ముచ్చట ఇడిశిపెట్టు. అమీన్ సాబ్ నిన్ను ఠాణా నుంచి పంపించిండు. మొన్న కళ్ళు దొరికినయ్."

"దొరుకుడేంది? పోతే గద దొరకనీకె! మొన్నటి వానకు గుడి పెంకులు కారినయ్. అమ్మ మొఖం మీది పసుపంత కడుక్కపాయె. సూస్తే కండ్లు రెండు ఆడనే ఉన్నయ్. మనం ఊరంత లెంకుతుంటే, అమ్మ పసుపు కిందికెళ్ళి మనల్ని సూస్కుంటనే ఉన్నది."

"మరి ఇంక ఫికర్ ఏంది?"

"పెద్దమనుషులు ఇంటలేరు. 'భయపడి నువ్వే మల్ల తెచ్చి అతికిచ్చినవ్' అంటున్నరు. పేపర్ల పడ్డది అబద్ధమెట్లైతది అంటున్నరు. ఐతారం బోనాలు. మూసాపేట కెళ్ళి ఇంకో పోతరాజును తెస్తరట. మా తాత ఆడిన జాగ, మా నాయిన ఆడిన జాగ. నేను బతికుండంగ ఇంకొకడు అమ్మ ముందల ఆడితే, ఇగ నేనెందుకు పంతులూ?"

"అంత మాట అనకు. సవరణ వేయిస్త. రెండు పంక్తులు."

"యాడ ఏస్తరు?"

"లోపలి పేజీల."

"లోపల యాడ?"

"సబ్బుల ప్రకటన కింద జాగ ఉంటది."

"దొంగ అన్నప్పుడు మొదటి పేజీ, కాదన్నప్పుడు సబ్బు కింద. మంచిదే తియ్, కడిగినట్టుంటది."

"ఎక్కిరియ్యకు. మొదటి పేజీల పడాలంటే వార్తల దమ్ముండాలె. 'పోచయ్య దొంగ కాడు' అంటే ఎవరు చదువుతరు? ఊళ్ళె అందరు దొంగలు కానోళ్ళే."

"అందరా? నా సంగతైతే అమీన్ సాబ్ సోదా చేసి చెప్పిండు. మిగిలినోళ్ళ సంగతి నాకెర్క లేదు."

"ఆగాగు! అసలు కళ్ళు మునిగేటంత పసుపు పూసింది ఎవరు? అదీ వార్త! 'అమ్మవారి కళ్ళు మూసిన మహిళ ఎవరు?' పేరు దొరికిందనుకో, మొదటి పేజీ ఖాయం. నీ మచ్చ పోతది, ఐతారం నువ్వే ఆడుతవ్. చెప్పు, ఎవరు?"

"నాకేమెరుక?"

"గుడి తలుపు తీసేది నువ్వు, ఊడ్చేది నువ్వు. కళ్ళు పోయినయన్న శుక్రవారం పొద్దుగాల ఎవరొచ్చిన్రు?"

"ఆషాఢం గద, మస్తుమంది వస్తరు."

"అందరికన్న ముందు?"

"మబ్బుల, చీకట్ల. మొఖం ఆనలే."

"మొఖం ఆనకుంటె మాట వినపడదా?"

"పంతులూ, మీకు బడి యాల్లైతలేదా?"

"తప్పించుకుంటున్నవ్. ఠాణాల గూడ గిట్లనే చేసినవంట. అందుకే నేను రాసిన, 'నిందితుడు నోరు విప్పుట లేదు, దీనినిబట్టి నేరము స్పష్టమగుచున్నది' అని. నోరు విప్పనోన్ని ఏమనుకోవాలె మరి?"

"నోరు విప్పలేదు అనుకోవాలె. గంతకన్న ఎక్కువ ఎందుకు అనుకుంటరు?"

"నీ మంచికే అడుగుతున్న. ఆమె పేరు చెప్పు, ఇంటిపేరు చెప్పు, మొగని పేరు చెప్పు."

"చెప్తే రాస్తరా?"

"రాయకేం? స్వేచ్ఛ ఉన్నది."

"రాసే ముందల ఆమెను అడుగుతరా?"

"అడిగితే ఒప్పుకుంటదా?"

"నన్ను గూడ అడగకపోతిరి. ఠాణాకు, మీ ఇంటికి నడుమ ఒక్క బజారే. వచ్చి 'పోచయ్యా, తీసినవా?' అంటే, 'లేదు పంతులూ' అందును. గంతే గద పని."

"…"

"ఏంది, మీరు గూడ నోరు విప్పుతలేరు? దీనినిబట్టి నేరము…"

"చాలు చాలు!"

"ఏమండీ, ఎవరితోని గొడవ? ఓ, పోచయ్యనా! కూసో, మజ్జిగ తాగి పో."

"దండం అమ్మా. ఎప్పుడొచ్చిన్రు?"

"నిన్న పొద్దుగూకినంక బండి దిగిన. పుట్టింట్ల మా అమ్మ ఒక పట్టాన పంపలే."

"కనకలక్ష్మీ, మంచిగొచ్చినవ్. ఆడోళ్ళకు తెలుస్తది, నువ్వు చెప్పు. అమ్మవారికి పసుపు మందంగ పూసేది ఎవరు?"

"అమ్మా, మీరు లోపటికి పోండ్రి. పొయ్యి మీద ఏదో మాడుతున్నది."

"పొయ్యి ఇంక అంటియ్యనే లేదు పోచయ్యా. పసుపేందండీ?"

"ఏం లేదమ్మా. మజ్జిగ మస్తుగున్నది."

"గ్లాసు ముట్టనే లేదు గదయ్యా!"

"నువ్వాగు పోచయ్యా, ఆమెను చెప్పనియ్. విను కనకలక్ష్మీ. నువ్వు పుట్టింటికి పోయిన శుక్రవారం అమ్మవారి కళ్ళు పోయినయని ఊరంత గొడవ. పోచయ్యను ఠాణాల కూసోబెట్టిన్రు. తీరా చూస్తే కళ్ళు పసుపు కిందనే ఉన్నయ్. ఎవరో మహాతల్లి…"

"అయ్యో, నేనే!"

"ఏందీ?"

"మబ్బుల్నే లేచి సేరు పసుపు కలుపుకొని పోయిన. చీకట్ల కండ్లు యాడున్నయో, ముక్కు యాడున్నదో ఆనలే. మొక్కు గద, మిగలొద్దని అంతా పూసిన. అటు నుంచి అటే బండెక్కిన."

"సేరు పసుపా! ఏం మొక్కు?"

"మీ వార్త ఒక్కటన్న మొదటి పేజీల పడాలని."

"…పడ్డది."

"పడ్డదా! తల్లీ పోచమ్మా!"

"దండం తర్వాత పెట్టుకో. పోచయ్యా, మరి నేనేమంటనంటే… 'ఒక భక్తురాలు' అని రాస్తే సరిపోదా?"

"పేరు వద్దా పంతులూ? ఇంటిపేరు? మొగని పేరు?"

"ఎందుకు వద్దు? నా పేరు రాయుండ్రి, మీ పేరు గూడ రాయుండ్రి. పోచయ్యది ఏ పేజీల రాసిన్రో ఆ పేజీలనే రాయుండ్రి."

"పట్నమోళ్ళు 'వెయ్యం' అంటే?"

"హోటల్ ముందల నిలబడి మీరే సదువుండ్రి పంతులూ. చాయ అయిపోకముందే."

"సరే. వేసినా చదువుత, వెయ్యకున్నా చదువుత. పెద్దమనుషుల తానికి గూడ ఇప్పుడే పోదాం. పోచయ్యా, ఐతారం నువ్వే ఆడుతవ్. ఏది, నా కండువా?"

"మీ మెడల్నే ఉన్నది. పోచయ్యా, ఒక్క మాట. ఆ పొద్దు గుడి తలుపు తీసింది నువ్వే. నేను లోపల పసుపు పూస్తుంటే, 'పుట్టింటికి పైలంగ పోయి రా అమ్మా' అని వాకిలి ఊడ్చుకుంట నువ్వే అంటివి. ఠాణాల నా పేరు ఎందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తే అమీన్ సాబ్ మిమ్మల్ని పిలుస్తుండె, పేపరోళ్ళు మీ పేరు రాస్తుండిరి. రజాకార్ల లొల్లిల అంగట్ల ఉప్పురాయి దొరక్కపోతే, మా ఇంటామె బుచ్చమ్మ కొంగుల దోసెడు ఉప్పు పోసిన్రు మీరు, యాదికున్నదా? ఇయ్యాల్టికి ఆ దోసెడు మీకు మల్ల ముట్టింది తల్లీ."