మరియమ్మకు తలకిందుల మొక్కు

అలా చూడకక్కా, ఫొటోలోంచి. నవ్వాపుకోలేక చస్తున్నాను. సమాధి దగ్గర నవ్వకూడదని నాకూ తెలుసు. పక్క సమాధికి పూలు తెచ్చిన ముసలాయన ఇందాకట్నుంచీ నన్నే చూస్తున్నాడు, పిచ్చిదనుకున్నాడో ఏమో. ఉండు, కూర్చోనీ. ఆస్పత్రి నుంచి సరాసరి ఇక్కడికే వచ్చా. రొహేలియోకి కూడా ఇంకా చెప్పలేదు. మొగుడికంటే ముందు నీకు చెబుతున్నానంటే చూసుకో.

అంతా నీ వల్లే. మన ఇంట్లో ఆ జబ్బు పేరు ఎవరైనా ఎత్తారా? అమ్మ కోపం దిగమింగి దిగమింగి పోయింది. అమ్మమ్మ జడుసుకుని పోయింది. తెంచా పిన్ని చల్లగాలి తగిలి పోయింది. మీవాళ్ళు దేనితో పోయారని ఆస్పత్రి అమ్మాయి అడిగితే ఇవే చెప్పా. పాపం, నవ్వకుండా రాసుకుంది.

నువ్వేమో పోయేముందు ఆ రక్తపరీక్ష చేయించుకుని, "ఇది కాన్సర్. మన రక్తంలోనే వస్తోందిట. నువ్వూ వెళ్ళి చూపించుకో" అని అందరి ముందూ అనేశావు. అదీ భోజనాల దగ్గర. చిక్కుడు గింజల గిన్నె నా చేతిలోనే ఉంది.

సరే, వెళ్ళి రక్తమిచ్చా. తర్వాత ఏం చేశాననుకున్నావు? తల్లన్నాక ఎవరైనా చేసేదే. సాన్ హువాన్ చర్చికి పోయి, మరియమ్మ ముందు కొవ్వొత్తి వెలిగించి, "తల్లీ, ఆ పాడుది ఉంటే నాకే ఉండనీ, నా యెసేనియాకి వద్దు" అని మొక్కుకున్నా. ప్రతి వారం, మోకాళ్ళ మీద. ఎంత మంచి తల్లినో అని నన్ను చూసి నాకే కన్నీళ్ళొచ్చేవి.

మొన్న ఆ అమ్మాయి ఫోన్ చేసింది, శుక్రవారం రమ్మని. మాటల్లో మొక్కు సంగతి చెప్పా. మెల్లిగా అంది, "అమ్మా, అది అలా వంతులేసుకునేది కాదండీ. మీకుంటేనే మీ పాపకి రావచ్చు. మీకు లేకపోతే మీ వైపు నుంచి తనకి వచ్చే దారే లేదు."

విన్నావా? ఇన్నాళ్ళూ నా కూతురి మీదికి నేనే మొక్కుకుంటున్నా.

ఇంట్లో వేసుకునే చెప్పులతోనే చర్చికి పరిగెత్తా. నా కొవ్వొత్తి దర్జాగా వెలుగుతోంది. మొక్కిన దీపాన్ని నోటితో ఆర్పుతామా? అలాగని వెలగనివ్వగలమా? అక్కడ ఊడుస్తున్నాయన్ని అడిగా, మొక్కు వెనక్కి తీసుకోవచ్చా అని. "నన్నడుగుతావేంటమ్మా, ఆవిణ్ణే అడుగు" అన్నాడు. చివరికి పక్కనే ఇంకోటి వెలిగించా, దానికంటే లావుది. "తల్లీ, ఆ మొదటిది వినలేదనుకో" అన్నా.

ఇక అడగాలి కదా, నాకు లేకుండా చూడమని. అక్కడే నోరు పెగల్లేదక్కా. పుట్టి బుద్ధెరిగాక నా కోసం ఏం అడిగాను చెప్పు? కోడి పులుసులో ముక్క కూడా అడగలేదు. అందరూ తిన్నాక మెడ ముక్క మిగిలితే, అదే నాకిష్టం అనేదాన్ని. నీకు తెలుసుగా, నాకది అసహ్యం. "నాకు" అనే మాట దగ్గర ఆగిపోతూ, మళ్ళీ మొదలెడుతూ, ఆఖరికి కళ్ళు మూసుకుని అనేశా. నన్ను వదిలెయ్ తల్లీ, నన్ను.

ఇవాళ చెప్పారు. నాకు లేదు. అంటే యెసేనియాకీ లేనట్టే. ఏటా చేయించుకునే పరీక్షలు మాత్రం మానొద్దంది ఆ అమ్మాయి. నెలనెలా చేయించుకుంటానన్నా. తనని పట్టుకుని ముద్దు పెట్టేసుకుంటే బల్ల మీద నీళ్ళు ఒలికిపోయాయి. లిఫ్టులో ఎవరో ముక్కూమొహం తెలియనావిడకి కూడా చెప్పా. ఆవిడ పళ్ళ డాక్టరు దగ్గరికొచ్చిందిట.

ఇప్పుడొక మాట. ఎవరికీ చెప్పకు. నువ్వెవరికి చెబుతావులే.

"లేదు" అని వినగానే నాకు మొదట గుర్తొచ్చింది యెసేనియా కాదక్కా. నువ్వూ కాదు. నీకుండి నాకు లేదే అన్న బాధ బస్సెక్కాక వచ్చింది, అప్పుడు ఏడ్చాను కూడా. కానీ మొదట వచ్చింది, నేను బతుకుతాను అని. నేనే. పిల్ల గుర్తొచ్చింది ఆ తర్వాతే.

ఆ కాసేపూ ఎంత హాయిగా ఉందో, నీ ముందు ఎలా చెప్పను.