కంచంలో చూసి గీసిన బొమ్మ

జైల్లో ఉన్నవాళ్లు గీసిన బొమ్మల్ని ఆ హాల్లో గోడలకి తగిలిస్తున్నారు. ఒక మూల ఒక పెద్దాయన గోడవైపు తిరిగి మేకులు కొడుతున్నాడు. కుర్చీలు వేయించడానికి ముందుగా వచ్చిన ఒక ఇంటి కోడలు ఆయన వెనకే నిలబడి కదలడం లేదు.

“అది కాదు బాబాయ్, నేనడిగేది ఒక్కటే. ఈ బొమ్మ ఒక్కటీ తీసెయ్యండి.”

“నాదేముందమ్మా. తగిలించమంటే తగిలిస్తాను. తియ్యమని ఎవరూ చెప్పలేదు.”

“పోనీ, వెనక్కి తిప్పి పెట్టండి.”

“వెనక్కి తిప్పితే అందరూ దాన్నే చూస్తారు, ఏముందో అని.”

“మీకు తెలీదు. మా అత్తయ్యా వాళ్ల సంఘమే ఇదంతా చేయిస్తోంది. ఇంకాసేపట్లో అందరూ వస్తారు. ఆవిడ కంట పడిందంటే నేనేం చెప్పను?”

“ఏం చెప్పాలి? బొమ్మేగా.”

“అది నా మొహం.”

“నీదా?”

“సరిగ్గా చూడండి. ఆ కళ్లు, ఆ నుదురు, ఆ గడ్డం కింద నొక్కు. రెండు జడలేసి రిబ్బన్లు కట్టాడు గానీ మొహం నాదే. ఈ వయసులో నాకు రిబ్బన్లేంటి బాబాయ్?”

“గీసినవాడికి అంతవరకే తెలుసేమో. జడలు ఎప్పుడు మానేశావో వాడికెవరు చెప్తారు?”

“వాడెవడో మీకు తెలుసా?”

“తెలుసంటే... తెలుసు. నేనూ లోపలివాణ్ణేనమ్మా. నడవడి బాగున్నవాళ్లని కొందర్ని తెచ్చారు, మేకులు కొట్టడానికి. అదిగో, గార్డు బయట టీ తాగుతున్నాడు.”

“అయ్యో, నేను హాలు మనిషనుకున్నాను. ఏమీ అనుకోకండి.”

“పర్లేదు. కింద పేరేం లేదుగా, నీకెందుకు బెంగ? పేర్లు వద్దని మేమే అన్నాం. బయటున్నవాళ్లకి తలవంపులని.”

“పేరు తీసేసి మొహం పెడితే ఏం లాభం? అసలు ఎందుకు పంపాడు దీన్ని?”

“ఎవరో ఒకరు చూసి, ఈ పిల్ల నాకు తెలుసు, బాగానే ఉంది, అంటారేమోనని. అంతే.”

“ఆయన మా నాన్న. నాకు ఐదేళ్లప్పుడు తాగిన మత్తులో పక్కింటాయన్ని కొట్టాడు. ఆయన మళ్లీ లేవలేదు. అమ్మ నన్ను జైలు ఛాయలకి పోనివ్వలేదు. పెద్దయ్యాక నాకే వెళ్లాలనిపించలేదు.”

“మంచి పనే చేశావు.”

“అత్తారికి చెప్పలేదు. సంబంధం మాట్లాడేటప్పుడు మీ నాన్నేం చేస్తారని అడిగారు. పోయారండీ అనేశాను. నోట్లోంచి అలా వచ్చేసింది.”

“మీ అమ్మేమంది?”

“పక్కనే ఉంది. తలొంచుకుని కూచుంది.”

“బాగుందా?”

“ఏంటి?”

“అదే, మీ అమ్మ. ఆరోగ్యం అదీ. ఊరికే అడిగాన్లే. చెప్పు, పోయాడన్నావు. తర్వాత?”

“ఫొటో అయినా లేదా అన్నారు. ఉన్నవన్నీ అమ్మ ఎప్పుడో చింపేసింది. స్టూడియోలో ఎవరూ పట్టుకెళ్లని పాత ఫొటోలు పడుంటాయి కదా, అందులో ఒకటి అడిగి తెచ్చాను. ఎవరో ఏమో. మా ఆయన దాన్ని పెద్దది చేయించి ముందుగదిలో పెట్టాడు. నేనే తుడుస్తుంటాను.”

“ఎలా ఉంటాడు?”

“ఎవరు?”

“ఆ ఫొటోలో ఆయన.”

“బానే ఉంటాడు. కోటేసుకుని, చదువుకున్నవాడిలా.”

“పోన్లే. మంచివాణ్ణే ఎంచావు.”

“నవ్వకండి బాబాయ్. తుడిచినప్పుడల్లా సిగ్గుతో చచ్చిపోతాను.”

“నవ్వట్లేదమ్మా.”

“అయినా ఫొటో లేదు, పెద్దయ్యాక నన్ను చూసింది లేదు. ఇంత అచ్చు గుద్దినట్టు ఎలా గీశాడు?”

“నీది వాడి పోలికేగా. లోపల అద్దాలివ్వరు. అన్నం తినే స్టీలు కంచాన్ని తోమి తోమి అందులో తన మొహం చూసుకుంటాడు. మీసం తీసేస్తాడు. ముడతలు తీసేస్తాడు. మిగిలింది కూతురనుకుని టీ నీళ్లతో గీస్తాడు. రిబ్బన్లకి ఇటుక పొడి. ఆ పక్కింటాయన మొహం గీద్దామని కూడా చాలాసార్లు కూచున్నాడు. చెయ్యి ఆడదు.”

“ఉండండి ఉండండి. నాకు మచ్చ కుడి చెంప మీదుంది. ఇందులో ఎడమ చెంప మీద పెట్టాడు.”

“అవునా?”

“తప్పు గీశాడు. హమ్మయ్య. ఎవరడిగినా నేను కాదనొచ్చు. మచ్చ అటుంది చూడండి అనొచ్చు.”

“అనొచ్చు. కంచంలో కుడి ఎడమవుతుంది కదా. ఇన్నేళ్లుగా గీస్తున్నాడు, ఆ ముక్క తట్టలేదు వెధవకి.”

“అంటే... ఆయనకీ కుడి చెంప మీదే ఉండాలి.”

“ఏమో, చూళ్లేదు.”

“ఇందాకట్నించీ మీరు గోడవైపే తిరిగి మాట్లాడుతున్నారు.”

“మేకు కొట్టాలి కదమ్మా.”

“మేకు దిగి చాలాసేపైంది. ఒక్కసారి ఇటు తిరగండి.”

“వద్దు తల్లీ.”

“తిరగండి.”

“చూశావుగా. ఇంక వెళ్లు.”

“మీరు... ఇంతసేపూ నాచేత ఇవన్నీ చెప్పించుకుని... ముందే ఎందుకు చెప్పలేదు?”

“ఏమని చెప్పను? పోయానన్నావు కదా. అదే మేలనిపించింది నాకూ.”

“అలా అనకండి.”

“నువ్వు సిగ్గుపడాల్సిందేం లేదు. ఆ సిగ్గు నాది. బొమ్మ తీసేస్తాను, జరుగు. అరె, ఎవరో వస్తున్నారు.”

“ఏమే కోడలా, కుర్చీలు వేయించమంటే ఇక్కడ కబుర్లు పెట్టావా? ఇదేంటి... ఇది నీ బొమ్మ కదూ?”

“అత్తయ్యా, అదీ...”

“కాదమ్మగారూ. మీ కోడలు కాదు. మచ్చ అటుంది చూడండి. ఇది మా అమ్మాయి. నేనే గీశాను.”

“మీ అమ్మాయా? అచ్చం మా పిల్లలాగే ఉందండీ. చూడ్డానికి వస్తుంటుందా మిమ్మల్ని?”

“లేదమ్మా. చిన్నప్పుడే పోయింది. ఈ రెండు జడలప్పుడే.”

“అయ్యో పాపం. నోరు జారి అడిగాను, ఏమీ అనుకోకండి. ఏమే, నువ్వెందుకలా బిగుసుకుపోయావు? పద, అవతల అందరూ వచ్చేశారు.”

“పోలేదు అత్తయ్యా. ఆయన కూతుర్ని నేనే.”