గంటకూ బోల్టుకూ నడుమ తోలు

హలో… ఆ, నేనే. కరుణమ్మని, మీ స్కూలు పంతులమ్మ ఫిలోమినా వాళ్లమ్మని. నరసరావుపేట పోస్టాఫీసు నుంచి… కృపానందమేనా? ఉపదేశిగారూ, నా పిల్లకేమన్నా అవుద్దేమోనని ఇందాకటి నుంచి నా ప్రాణం నా దగ్గర లేదు. మీ చర్చి గంట ఇయ్యాళ కొట్టమాకండి.

…నవ్వు, నవ్వు. పిల్ల తుమ్మితే తంతి కొట్టే మనిషినేగా నేను!

…అది కాదయ్యా. మెకానిక్కు నాగూర్ వలి బజార్లో కనపడ్డాడు. మూడేళ్ల కిందట మీ గంట వేలాడదీసింది అతనేగా… ఆ. తోలుముక్కలు బాగున్నయ్యా అని అడిగాడు. నిరుడే పీకేశారంట, మా పిల్ల చెప్పింది అన్నాను. అతని మొహాన నెత్తురు చుక్క లేదు.

…తోలు ఎందుకేంది? గంట కంచు, బోల్టులు ఇనపవి. రెండూ తగలకుండా నడుమ తారు పూసిన తోలు పెట్టాడు. అవి ఆనుకుని, వాననీళ్లు దిగితే, కంచుకేం కాదంట. ఇనుమునే తినేస్తదంట. పైకి బోల్టు తల కనపడుద్ది, లోపల కాడ ఉండదు.

…ఎవరు పీకించారు?… నువ్వా!… చెప్పులే బయట విడిచొస్తాం, దేవుడి గంటకు తోలేందనా… అయ్యో నాయనా!

…గోడమీద తుప్పు కారిందా? ఎన్నాళ్ల నుంచి?… పోయిన వానల నుంచా! చూస్తా ఊరుకున్నావా?

…ఇక్కడ గడియారం పన్నెండుకు రెండు నిముషాలుంది. మధ్యాహ్నం గంట ఎవరు కొడతారు?… నా పిల్లేనా? తాడు సరిగ్గా గంట కిందేగా… ఇంకా మాట్లాడతావేంది, లెగు! పరిగెత్తు! తాడు ముట్టుకోవద్దని చెప్పు… ఫోను పెట్టెయ్యమాక, అట్టా బల్లమీద పడేసి పో!

…

…పోస్టుమాస్టరుగారూ, లైను తియ్యొద్దయ్యా, మీకు దణ్ణం పెడతా… ఉండండి, గంట వినపడుతోంది. ఒకటి… రెండు…

ఏంది— ఆ చప్పుడేంది?

హలో!… కృపానందం… హలో…

… …

ఎవరన్నా ఉన్నారా అక్కడ?… మరియమ్మ తల్లీ…

… … …

ఆ? ఎవరూ?… ఫిలోమినా! నువ్వేనా తల్లీ? దెబ్బ తగల్లేదుగా?… నిన్ను అవతలికి నెట్టేశాడా… ఎవరు, కృపానందమా?… ఏడవమాకే, సరిగా చెప్పు. అతనేడి?

… … … …

…గంట కిందా?… అట్టా అనమాకమ్మా.