మళ్ళీ మేడం గారు తేల్చిన అసలు అంకె

1994 జూన్ ఆరవ తేదీ సోమవారం ఉదయం మా సంతాన సాఫల్య కేంద్రంలోని హార్మోన్ ప్రయోగశాలలో ఉద్యోగ బాధ్యతలు స్వీకరించి, మూడు దశాబ్దాలకు పైగా నిర్విరామ సేవలందించి, అందరిచేతా ‘మళ్ళీ మేడం’ అని ఆప్యాయంగా పిలిపించుకుంటున్న మా ప్రయోగశాల అధిపతి ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఈ వ్యాసకర్త అంతకు పదకొండు రోజుల ముందే అదే గదిలో చేరింది. ఆ సంగతి ఎవరికీ గుర్తులేదు కనుక ఇక్కడైనా అచ్చులో ఉండాలని రాస్తోంది.

తొలి అయిదేళ్ళు రక్తనమూనాల సేకరణలోనూ, తదుపరి దశాబ్దం హార్మోన్ పరీక్షలలోనూ నైపుణ్యం గడించిన మేడం గారు 2009లో అధిపతి అయ్యారు. ఆ పదవికి ఈ వ్యాసకర్త కూడా దరఖాస్తు పెట్టుకుంది. ప్రకటన వెలువడిన రోజు అందరితోపాటు చప్పట్లు కొట్టింది గానీ, లోపల కుతకుత ఉడికిపోయింది. యంత్రం ఏ అంకె చూపినా “మళ్ళీ ఒకసారి చేద్దాం” అనడం వారి అలవాటు. బిరుదు అలా వచ్చింది. ఆ మాటకు వెనకాల నవ్వినవాళ్ళలో ఈ వ్యాసకర్తదే పెద్ద గొంతు.

అయిదేళ్ళ క్రితం ఈ వ్యాసకర్త కూతురు ఇక్కడే చికిత్సకు వచ్చింది.

“అమ్మా, ఏమనుకోకు. నా శాంపిల్ ‘మళ్ళీ ఆంటీ’ చూస్తే బాగుంటుంది” అంది.

అండాలు తీయడానికి ముందు ఇచ్చే ఇంజెక్షన్ రోజున మేడం గారు సమావేశానికి వెళ్ళడంతో పరీక్ష తల్లే చేసింది. రక్తంలో ఈస్ట్రోజెన్ హార్మోన్, యంత్రం కొలవగలిగే హద్దు దాటిపోయింది. “హద్దుకు మించి ఉంది” అని రాసి సంతకం పెట్టేసింది. అందరూ చేసేదీ అదే. మధ్యాహ్నం మేడం గారు రిపోర్టు చూశారు.

“హద్దు దాటిందని రాశావు. ఎంత దాటింది?”

“ఎక్కువని తెలిసిందిగా అక్కా, ఇంకేం కావాలి?”

“పిల్ల నీదే కదే! మళ్ళీ ఒకసారి చేద్దాం.”

నమూనాను పదింతలు పలచన చేసి చూస్తే అసలు అంకె ఆ హద్దుకు రెట్టింపు పైనే తేలింది. ఆ నెలలోనే పిండాన్ని ప్రవేశపెడితే కూతురి కడుపులో నీరు చేరవచ్చనీ, మున్ముందు మాయ సరిగా కుదురుకోక రక్తపోటు పెరగవచ్చనీ, బిడ్డ ఎదుగుదల తగ్గవచ్చనీ భావించిన డాక్టరు గారు పిండాలను శీతలీకరించి మూడు నెలలు ఆగారు. గర్భం నిలిచాక రక్తపోటు మీద మొదటినుంచీ ఓ కన్నేసి ఉంచారు. ఏడో నెలలో అది పెరగనే పెరిగింది, వెంటనే పట్టుకోగలిగారు. మనవరాలు కాస్త చిన్నగానే అయినా నిక్షేపంగా పుట్టింది. కూతురు ముందుగా మేడం గారి చెయ్యి పట్టుకుంది. పక్కనే నిలబడ్డ అమ్మమ్మకు కృతజ్ఞత కన్నా ముందు అసూయ పుట్టింది.

వచ్చే నెల కూతురు రెండో బిడ్డ కోసం వస్తోంది.

“ఈసారి శాంపిల్ ఎవరు చూడాలే?” అని తల్లి అడిగింది.

“‘మళ్ళీ ఆంటీ’ ఉండరుగా. నువ్వే చూడు” అంది.

ఆ ‘ఉండరుగా’ ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

మేడం గారు కుటుంబసమేతంగా ఆయురారోగ్యాలతో, కంటినిండా నిద్రతో, నిండు నూరేళ్ళు వర్ధిల్లాలని సహోద్యోగులందరి తరఫున మనసారా ఆకాంక్షిస్తున్నాము. ఎప్పుడు వచ్చినా ఈ గది తలుపులు వారికి తెరిచే ఉంటాయి. వచ్చే నెల ఒక్కటి మాత్రం, దయచేసి, ఇటు రావద్దు. ఆ అంకెను ఒక తల్లి తన చేతులతోనే తేల్చుకోవాలి.