చేపల పెట్టె యుద్ధవిమానం

ఎవరూ, దానయ్యా? మీ ఆయన చెప్పలేదేటి నీకు? సొంత తాత గురించి పెళ్ళానికి చెప్పుకోడానికి తీరికలేకపోతే ఆ పృథ్వీగాడు రోజంతా ఏం మాటాడతాడో మరి. కూకో ఫణిశ్రీ. ఆ కుర్చీ కాదమ్మా, దాని కాలు ఊగుతున్నాది, ఇటు మంచమ్మీద కూకో. అటక మీద దొరికిందా ఇది? బొమ్మ కాదు తల్లీ, దీన్ని బొమ్మంటే వాడు పైనుంచి దిగొచ్చి కొడతాడు. యుద్ధవిమానం. పాత పుస్తకంలో బొమ్మ చూసి, స్కేలు పెట్టి కొలుచుకుని, అరంగుళం తేడా లేకుండా చేసినాడు. నవ్వకు. మీ తాతమావ అరవై రెండేళ్ళ వయసులో యుద్ధాలు చేసినాడు, నిజంగా చేసినాడు, పక్కన నేనే ఉన్నాను. నేనంటే మరి నా ఉద్యోగం ఏటనుకున్నావు? యార్డులో షంటింగు. వేగన్ల వెనకాల జెండా పట్టుకుని నడిచీవాణ్ణి, ఇంజనోడికి తోక కనబడదు కదా, ఎంతవరకూ తొయ్యాలో మేం చెప్పాల. అది తరవాత చెప్తాను, గుర్తుచెయ్యి.

దానయ్యది పెయింటరు పని. ఇక్కడే, మన రైల్వే వేగన్ షాపులో, అదే వేగన్లు బాగుచేసీ కార్ఖానాలో. రిపేరయిన ప్రతి వేగనుకీ రంగేసి, పక్కన తెల్లరంగుతో రాసీవాడు, ఖాళీ బరువు ఇంత, మళ్ళీ షాపుకి రావలసిన తేదీ ఫలానా అని. వాడి అక్షరాలు చూసి బిలాస్‌పూర్ నుంచొచ్చిన పెద్దాఫీసరు అచ్చు వేసినట్టున్నాయన్నాడు. ఆ మాట మావాడు చచ్చేదాకా చెప్పుకున్నాడనుకో. సరే, రిటైరయినాడు. రిటైరయినోడు ఏం చేస్తాడు, గుడికెళ్తాడు, పేపరు చదువుతాడు, నాలాగ పక్కింటోళ్ళని విసిగిస్తాడు. వీడు ఒక ఆదివారం ఎవరో చుట్టాన్ని చూడ్డానికని ఊరవతల సిల్తారా వెళ్ళినాడు. అక్కడ ఫ్యాక్టరీల వెనక ఖాళీ మైదాన్‌లో స్టీలు ప్లాంటు ఇంజినీర్లు రిమోట్‌తో విమానాలు ఎగరేస్తున్నారు. ఉత్తినే ఎగరెయ్యడం కాదు. ఒక్కోదాని తోకకి ముప్పై అడుగుల కాగితం రిబ్బను కడతారు. ఒకడి విమానం ఇంకొకడి వెనక పడి, ముక్కు దగ్గర తిరిగీ పంకాతో ఆ రిబ్బను కోసీయాల. కోసినోడు గెలిచినట్టు. అందులో పెద్ద మొనగాడు మోహనకృష్ణ అని, మనోడే, కరీంనగర్ వైపు నుంచి వచ్చి ప్లాంటులో మేనేజరయినాడు. మంచోడే పాపం. మంచిగానే అన్నాడు, "పెద్దాయనా, ఇది మీతోటి అయ్యే పని కాదు, ఆ చెట్టు కింద కుర్చీ ఉంది, చూసి ఆనందించండి" అని. తిట్టినా ఊరుకునీవాడేమో. కుర్చీ చూపించినాడు చూడు, అదీ దెబ్బ. ఇంటికొచ్చీసరికే నేనూ ఒకటి చేసి ఎగరేస్తానన్నాడు.

మొదటి విమానం సంగతి చెప్పాల నీకు. మోటారూ, బ్యాటరీ, రిమోటూ కలకత్తా నుంచి పార్సెల్లో తెప్పించినాడు, బాగానే ఉన్నాది. ఒళ్ళు మాత్రం వేగన్ కట్టినట్టు కట్టినాడు. మాకు అదొక్కటే తెలుసు కదమ్మా, ఏది చేసినా ముప్పై ఏళ్ళు విరక్కూడదు. రేకు, రేకుకి రివెట్లు, లోపల ఇనప కమ్మీ. దాని మీద వేగన్లకేసీ ఎర్రరంగు, రెడ్ ఆక్సైడు, రెండు చేతులు, అంటే రెండు పూతలు, మూడో చెయ్యి మెరిసీ గ్లాసు పెయింటు. ఆఖర్న పక్కన తెల్లగా రాసినాడు, ఖాళీ బరువు నాలుగు కిలోలు, మళ్ళీ షాపుకి రావలసిన తేదీ అని ఆరేళ్ళ తరవాత తేదీ వేసినాడు. ఆరు నిమిషాల్లో షాపుకొచ్చీసింది. నేల మీద పరిగెట్టిందమ్మా, గూడ్సు బండిలాగ, గడగడగడమని, ఎక్కడా లేవలేదు. మైదాన్ చివర ఒక గేదె పడుకుంటే దాని పొట్ట దగ్గరికెళ్ళి ఆగింది. గేదె ఓసారి చూసి కాస్త పక్కకి జరిగి మళ్ళీ పడుకున్నాది. గేదె మనిషి ఊరుకోడు కదా, "ఏ బబా, తోర్ ట్రాక్టర్ లా హటా" అని అరిచినాడు. నీ ట్రాక్టరు తీసుకుపో అంటాడు. ఇంజినీర్లందరూ నేల మీద కూకుండిపోయి నవ్వినారు. నేనూ నవ్వినాను, ఎందుకు అబద్ధం చెప్పాల.

ఆ తరవాత తేలిగ్గా ఉండాలని వాడికెక్కింది. ఏది తేలిక? థర్మాకోలు తేలిక. ఎక్కడ దొరుకుతాది? చేపల సత్తిరాజు దగ్గర. విశాఖపట్నం నుంచి రైల్లో చేపలొస్తాయి కదా, ఐసేసి, తెల్ల పెట్టెల్లో. చేపలు అమ్మీసి పెట్టె పారేస్తాడు. ఈయన మోసుకొచ్చీవాడు. కాల్చిన తీగతో రెక్కలు కోసీవాడు ఇంట్లో కూకుని. చేపల కంపూ, థర్మాకోలు కాలిన కంపూ కలిస్తే ఎలగుంటాదో నీకు తెలీదు, వద్దు కూడానూ. కాలనీలో ఉన్న పిల్లులన్నీ మీ ఇంటి అరుగు మీదే ఉండీవి. సూరమ్మ, అదే మీ అమ్మమ్మత్త, ఒకరోజు నన్ను పిలిచి, "ఏం అన్నయ్యా, తాగుడైతే పదిమందికి చెప్పుకుని ఏడ్చుకుందును, పేకాటైతే ఏడ్చుకుందును, నా మొగుడు చేపల కంపుతో యుద్ధానికెళ్తాడని ఎవరికి చెప్పుకోను" అంది. న్యాయమే కదా. ఏటన్నావు, ఎగిరిందా అనా? ఎగిరిందమ్మా, ఎందుకెగరదు. ఎగిరిన నిమిషానికి మూడు గెద్దలొచ్చినాయి. వాసనకి. మోహనకృష్ణ విమానం వెనక మావాడి విమానం, మావాడి విమానం వెనక గెద్దలు. "యుద్ధం మనకీ మనకీ కాదు పెద్దాయనా, మీకూ గద్దలకీ" అన్నాడాయన. అప్పుడు సూరమ్మే జాలిపడి, చేపలు కడిగినట్టు ఆ రెక్కల్ని ఉప్పూ చింతపండూ పెట్టి కడిగింది. పసుపు రంగు ఒక్క పూత, అదీ గుడ్డతో తుడిచీసినాడు బరువెక్కకుండా. ఇంక గెద్దలు రాలేదు. అలగని గెలిచినాడా? రెండేళ్ళు. రెండేళ్ళు ప్రతి ఆదివారం సిల్తారా వెళ్ళినాం నా స్కూటరు మీద. వెళ్ళినప్పుడు విమానం, వచ్చినప్పుడు గోనెసంచిలో ముక్కలు. వాడి రిబ్బను తెగడమే గానీ, వాడు ఒక్క రిబ్బను కోస్తే ఒట్టు.

అప్పుడొచ్చిందమ్మా కంటి గోల. ముందు నేను వయసనుకున్నాను. టీ గ్లాసు పక్కన చెయ్యి పెట్టీవాడు. ఆసుపత్రిలో చూసి కాలా మోతియా అన్నారు, మనోళ్ళు నీటికాసులంటారు. ఒక కన్ను పోనాది, రెండోది గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కాస్త ఉన్నాది, చుక్కలేసుకున్నా నాలుగైదు నెలలన్నారు. ఎవరికీ చెప్పలేదు, సూరమ్మకీ, నాకూ తప్ప. ఇంకోడైతే ఏడుస్తాడు. వాడు నా దగ్గరికొచ్చి, "ఒరే జోగా, ఇది మూసుకుపోయీలోగా ఆ మోహనకృష్ణ రిబ్బను ఒక్కసారి కొయ్యాల్రా. ఒక్కటి చాలు. అది అయిపోతే రిమోటు గంగలో పారేసి, ఆ చెట్టు కింద కుర్చీలోనే కూకుంటాను" అన్నాడు. కనబడకుండా ఎలగరా అన్నాను. "ముప్పైమూడేళ్ళు ఇంజనోడికి కనబడని తోకని నువ్వు చూసి చెప్పలేదా, ఇదీ అంతే" అన్నాడు. చెప్పినాను కదా గుర్తుచెయ్యమని, ఇదే అది. ఇంక నేర్చుకున్నాం. కుడీ ఎడమా పనికిరాలేదు, విమానం మన వైపు తిరిగితే అవి తారుమారయిపోతాయి. అందుకని చిమ్నీల వైపు, రోడ్డు వైపు అనుకున్నాం. దూరం ఎలగ చెప్పాల? మాకు తెలిసింది వేగన్లే, ఒక్క వేగను పొడుగు ఒక బండి. పది బండ్లు, ఐదు బండ్లు, రెండు, ఒకటి, బస్. వెనకాల నిలబడి నేను "చిమ్నీ వైపు, ఆరు బండ్లు, ధీరే, మెల్లగా, నాలుగు బండ్లు" అంటుంటే ఆ ఇంజినీరు కుర్రాళ్ళు ఏటో అనుకునీవారు, ముసలోళ్ళకి మతిపోనాది, ఆకాశంలో రైలు చూస్తున్నారు అని.

అలగ నాలుగో నెలలో ఒక ఆదివారం పొద్దున్న సూరమ్మ కూడా వచ్చింది, మొదటిసారి. ఎందుకొచ్చిందని అడగలేదు, ఇడ్లీ కేరేజీతో ఆటోలో దిగింది, అంతే. చలి, చిమ్నీల పొగ, ఆ పొగలో పసుపు విమానం నాకే సరిగ్గా కనబడలేదు. మొదట బాగానే తిప్పినాడు. కాసేపటికి మోహనకృష్ణ విమానం మావాడి దాని వెనక పడింది. నేను చెప్తున్నాను, వెనకాల ఐదు బండ్లు దానా, రోడ్డు వైపు తిప్పు, మూడు బండ్లు. వాడు తిప్పుతున్నాడు, అదీ తిరుగుతున్నాది. రెండు. ఒకటి. ఇప్పుడు నీకొక నిజం చెప్తాను, ఇది దానయ్యకీ చెప్పలేదు. నాకు విమానాలు కనబడ్డం మానీసినాయి. వెనకాల వేగన్ల మీదకి వేగన్లు వచ్చి గుద్దీయబోతున్నట్టే ఉన్నాది. యార్డులో ఒకసారి చూసినాను అలగ, మధ్యలో మనిషుండిపోనాడు, అది వద్దులే. నా చెయ్యి దానంతటది పైకి లేచింది, నోటంట "బస్! ఆపు!" అని వచ్చీసింది. విమానాన్ని ఆపడమేటమ్మా? గాల్లో ఎక్కడాగుతాది? ఇంకెవడైనా అయితే నన్ను తిట్టి ముందుకి పోనిచ్చును. కానీ మీ తాతమావ షాపు మనిషి. షంటింగోడు ఆపమంటే షాపులో క్రేనాగిపోతాది, బండాగిపోతాది, నిచ్చెన మీద కుంచె పట్టుకున్నోడు కూడా ఆగిపోతాడు, ఎందుకని తరవాత అడుగుతాడు. మోటారు కట్టీసినాడు. మరాలోచించలేదు. విమానం గాల్లో బరువుగా నిలబడిపోయినట్టయి కిందకి జారింది. వెనకొచ్చీది ఆగలేదు కదా, మీంచి దూసుకుపోయి ముందుకెళ్ళిపోనాది. దాని రిబ్బను మొత్తం, ముప్పై అడుగులూ, మావాడి ముక్కు ముందుకొచ్చింది. అప్పుడు నాకు తెలివొచ్చింది. "సాఫ్! దారి ఖాళీ! చలో దానా, ముందుకి, ఒక్క బండి" అన్నాను. మోటారు పూర్తిగా తెరిచినాడు. కటకటకటమని కోసీసిందమ్మా. కాగితం ముక్కలు ముక్కలై మైదానంతా రాలింది.

చప్పట్లు, ఈలలు. విమానం అలగే వెళ్ళి తుప్పల్లో దిగింది, దాన్నెవడు పట్టించుకున్నాడు. మోహనకృష్ణ పరిగెట్టుకుంటూ వచ్చి, "పెద్దాయనా, ఎన్ని రోజులబట్టి దాచిపెట్టుకున్నరు ఈ ట్రిక్కు, ఎక్కడ నేర్చుకున్నరు" అంటాడు. మావాడు మొహంలో ఏమీ లేకుండా, "రైల్వే ట్రైనింగు సార్" అన్నాడు. నేను భయపడి అరిచినానని చెప్పాలా వద్దా? చెప్పలేదు. పెద్ద ఎత్తు వేసినోళ్ళలాగ నేనూ మీసం తడుముకున్నాను. సూరమ్మ ఏటందో తెలుసా, "అయిపోనాదా మీ యుద్ధం? అయితే ఇడ్లీలు చల్లారిపోతున్నాయి" అంది, అని పక్కకి తిరిగి కొంగుతో కళ్ళొత్తుకున్నాది.

మోహనకృష్ణే వెళ్ళి ఏరుకొచ్చినాడు, జానెడు రిబ్బను ముక్క, మావాడి చేతిలో పెట్టి దండం పెట్టినాడు. మంచోడని చెప్పినాను కదా. అందరూ ఇడ్లీల దగ్గరికెళ్ళినారు. దానయ్య అక్కడే నిలబడి ఆ ముక్కని వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు, అటు తిప్పి, ఇటు తిప్పి, మొహం దగ్గరికి తెచ్చి, మళ్ళీ దూరం పెట్టి. నేను సంతోషంతో అనుకున్నాను. పక్కకెళ్ళి నిలబడితే, ఎవరికీ వినబడకుండా అడిగినాడు, "ఒరే జోగా, ఇదేం రంగురా?"

వేగన్లకి ముప్పైఅయిదేళ్ళు రంగులేసినోడమ్మా. ఎంతసేపటినుంచి ఏమీ కనబడకుండా ఎగరేస్తున్నాడో, ఏ బండి దగ్గర ఆఖరిసారి చూసినాడో, నాకిప్పటికీ తెలీదు. అడగలేదు. "నువ్వు వేగన్లకేసీ ఎరుపేరా, ఒక్క చెయ్యి తక్కువ" అన్నాను. తల ఊపినాడు, సరిగ్గా అదే రంగు చూస్తున్నట్టు.

ఇదిగో, పంపు వచ్చినట్టున్నాది, చప్పుడవుతున్నాది. వెళ్ళి బిందె పెట్టమ్మా, ఎనిమిదింటికల్లా కట్టీస్తారు.